అక్షరాల వరస

ఆ ప్రెస్సులో చుక్కమ్మ కళ్ళు కప్పి బయటపడ్డ అచ్చుతప్పు ఇంతవరకూ ఒక్కటేనని, అది కూడా భయంతో మర్నాడు తనే వచ్చి లొంగిపోయిందని ఇంకు చెప్పేవాడు. ఇంకు అంటే పెద్ద మిషను నడిపే మనిషి. చేతులకి అంటిన నీలం ఎన్ని సబ్బులరిగినా వదలదు కాబట్టి ఆ పేరు. చుక్కమ్మ అంటే ప్రూఫులు చూసే ఆవిడ. ఒకసారి దగ్గుమందు లేబుల్లో రెండుకీ అయిదుకీ మధ్య చుక్క ఎగిరిపోయి రెండున్నర కాస్తా ఇరవై అయిదైతే, నడుస్తున్న మిషనుకి అడ్డంగా నిలబడి నలభై వేల లేబుళ్ళు ఆపించింది. ఆ రోజు నుంచీ ఆ చుక్కే ఆవిడ పేరు. అసలు పేరు జీతాల రిజిస్టరుకి తప్ప ఎవరికీ గుర్తు లేదు.

అలాంటి మనిషి ఉండగా, పదకొండు మంది కలిసి నెలనెలా జీతంలో కొంత తీసి అందరిదీ ఒకే ఖాతాగా ఒక ఫండులో పెడదామనుకున్నప్పుడు, లెక్క ఎవరు రాయాలన్న ప్రశ్నే రాలేదు. అందరూ ఒకేసారి ఆవిడ వైపు తిరిగారు. అంతే.

సోమవారం మధ్యాహ్నం భోజనాల వేళ ఆవిడ ఆ లెక్క ముందే కూర్చుని ఉంది. ఆ కంప్యూటరు ఆన్ చేసి, వెళ్ళి భోంచేసి, చెయ్యి కడుక్కుని, ఒక చిన్న కునుకు తీసి వచ్చినా ఇంకా లేస్తూనే ఉంటుంది. లేచాక మాత్రం బుద్ధిమంతురాలు. పైనున్న పసుప్పచ్చ గడిలో ఈ నెల యూనిట్ ధర కొట్టిందో లేదో, కిందున్న ఆకుపచ్చ నిలువు వరసంతా ఒక్కసారి వణికి, అంకెలన్నీ మారిపోయాయి. మొత్తం కిందటి నెలకన్నా కొంచెం పెరిగింది. ఆవిడ గ్రాఫు ప్రింటు తీసి, నాలుగు మూలలా పిన్నులు గుచ్చి నోటీసు బోర్డుకి పెట్టింది.

"ఏంటక్కా, కోటీశ్వరులం ఎప్పుడవుతాం?" అన్నాడు ఇంకు, చేతులు తుడుచుకున్న గుడ్డ కన్నా నల్లటి ఇంకో గుడ్డతో చేతులు తుడుచుకుంటూ.

"నువ్వు ఇంకు ఒలకబొయ్యడం మానేసిన రోజు."

"అంటే లేదన్నమాట. మొన్న ధర పడ్డప్పుడు నా బీపీ కూడా పడింది, తెలుసా? డాక్టరు నన్ను వదిలేసి నీ గ్రాఫు తెమ్మన్నాడు."

"వరసలో మొదటి పేరు నీదేగా. చూసుకుని మురిసిపో."

"మురవద్దూ మరి! బస్సులో చివర, ఫొటోలో చివర, మా అమ్మకి తొమ్మిదిమందిలో చివర. అక్షరాల వరస పెట్టమని బతిమాలితేగానీ నీ షీటులో ముందుకి రాలేదు."

ఆ బోర్డు మీద మొత్తం తప్ప ఎవరి లెక్క వాళ్ళది కనపడదు. మొదటి ఏడాది పేర్లతో సహా అంటించారు. నీకన్నా నాకు తక్కువెందుకని ఇంకూ, కటింగ్ మిషను మీద ఉండే కత్తెర బాబాయీ నలభై రోజులు మాట్లాడుకోలేదు. ఏం చెప్పాలన్నా మధ్యలో ఉన్న మిషనుకి చెప్పేవాళ్ళు. అప్పుడు పెట్టుకున్న నియమం ఒకటే: ఎవరి లెక్క వాళ్ళకే, అదీ డబ్బు తీసుకుని వెళ్ళే రోజునే. ఇప్పటిదాకా అలా తీసుకున్నవాళ్ళు ఇద్దరు. ఏడాది కిందట కూతురి నర్సింగు చదువుకని బైండింగు పిన్ని, ఎనిమిది నెలల కిందట రిటైరై కత్తెర బాబాయి.

రెండింటికి బైండింగు నుంచి కబురొచ్చింది. ఏదో పుస్తకం ఫారంలో, అంటే పదహారు పేజీల మడతలో, పేజీలు తారుమారుగా ఉన్నాయట. చుక్కమ్మ ఎర్ర పెన్ను చెవి మీద పెట్టుకుని, కుడి మోకాలు కాస్త ఈడుస్తూ వెనక షెడ్డులోకి వెళ్ళింది.

పిన్ని బల్ల దగ్గర కూర్చుని పుస్తకాల వీపులకి జిగురు రాస్తోంది. బ్రష్షు ఒకే ఊపులో పైనుంచి కిందికి. రెండో ఊపు ఎవరూ ఎప్పుడూ చూడలేదు. బల్లకి జిగురంటకుండా కింద పాత కాగితాలు పరుచుకుంది.

"పేజీలు బానే ఉన్నాయి కదా పిన్నీ?"

"ఉన్నాయిలే. నేనే పిలిపించా. పిల్ల ఫొటో పంపింది. చూడు, తెల్ల డ్రెస్సు." పిన్ని మోచేత్తో ఫోను ఇటు జరిపింది. వేళ్ళకి జిగురు. "నీ చెయ్యి ఏం చెయ్యో గానీ చుక్కమ్మా, నేనిచ్చింది గోరంత, నువ్విచ్చింది కొండంత. నీ షీటులో పెడితే డబ్బు పిల్లల్ని పెడుతుందే!"

చుక్కమ్మ ఫొటో చూసి నవ్వింది. ఫోను తిరిగి పెట్టబోతూ బల్ల మీద పరిచిన కాగితం వైపు చూసింది. చూడకుండా ఉండలేదు. అచ్చు కనపడితే చదివే జబ్బు ఆవిడది. సబ్బు చుట్టిన కాగితాన్నీ, బస్సు టిక్కెట్టు వెనకున్న షరతుల్నీ కూడా వదలదు. ఆ కాగితం తన పాత పట్టికే. రెండేళ్ళ కిందటిది, వరస మార్చిన నెలదే, పేర్లు ఇంకా చేరిన వరసలో ఉన్నప్పటిది. జిగురు చారల మధ్య తొమ్మిదో పేరు కత్తెర. దాని పక్కన 4,318 యూనిట్లు.

ఆవిడ చెవి మీంచి పెన్ను తీసింది. మళ్ళీ పెట్టుకుంది.

"పిన్నీ, ఈ కాగితం తీసుకోనా?"

"ఆ చెత్తా? తీస్కో. అంటుకుపోయింది, మెల్లిగా లాగు."

మెల్లిగానే లాగింది. ఒక మూల బల్లకే ఉండిపోయింది.

*

ప్రూఫు చూడటమంటే రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని, కళ్ళు ఇటు ఒకసారి, అటు ఒకసారి తిప్పడమే. పాతికేళ్ళుగా అదే పని. ఆ సాయంత్రం ఎడమవైపు జిగురు కాగితం, కుడివైపు కంప్యూటరు. పేరు మీద ఎడమచేతి వేలు, అంకె మీద పెన్ను మొన.

కత్తెర. అక్కడ 4,318. ఇక్కడ, అక్షరాల వరస పెట్టిన నెలలో, 611.

పిన్ని. అక్కడ 611. ఇక్కడ 4,318.

ఇంకు. అక్కడ చివర, ఇక్కడ మొదట. అంకె మాత్రం మొదట్నుంచీ మొదట ఉన్నవాడిది.

అంకెలేవీ కదల్లేదు. పేర్లు మాత్రమే లేచి, ఒకరి కుర్చీలో ఒకరు కూర్చున్నాయి.

ఇంకు బతిమాలిన రోజు గుర్తొచ్చింది. పేర్ల నిలువు వరస మీద నొక్కింది, వరస మార్చమంది. కంప్యూటరు ఆగి ఏదో అడిగింది. పక్క గడుల్ని కూడా కలిపి మార్చనా, ఈ ఒక్క వరసేనా అని. ఆ క్షణాన ఫోరుమన్ తలుపు దగ్గర నిలబడి క్యాలెండరు ప్రూఫు కోసం అరుస్తున్నాడు. ఆవిడ నొక్కేసింది. లోకంలో ఉన్న ప్రతి అక్షరాన్నీ చదివే మనిషి ఆ ఒక్క ప్రశ్నా చదవలేదు.

ఎవరికీ తెలియలేదు కూడా. కూడితే మొత్తం అదే. పదకొండు మంది ఒకరి చొక్కా ఒకరు వేసుకున్నా చొక్కాలు పదకొండే కదా.

తన పేరు చూసుకుంది. పాత వరసలో మూడోది. కొత్త వరసలోనూ మూడోదే. అందరి పేర్లూ చెల్లాచెదురైతే తనది ఒక్క గడి కూడా జరగలేదు. దొంగ కూడా ఇంత జాగ్రత్తగా సర్దుకోడు.

మిగిలిన ఎనిమిది మందివీ ఒక్కొక్కటే సరిచేసింది. ఈసారి కొట్టిన ప్రతి అంకెనూ పైకి చదువుకుంది. అవి కాగితం మీది అంకెలు, వెనక్కి వస్తాయి. డబ్బు తీసేసుకున్న ఇద్దరివీ రావు. నాలుగు వేల మూడు వందల పద్దెనిమిదిలోంచి ఆరు వందల పదకొండు తీసేసింది. 3,707. కంప్యూటరుని నమ్మక పెన్నుతో మళ్ళీ తీసేసింది. అదే వచ్చింది.

బాబాయి వెళ్ళిన రోజున చెక్కుతోపాటు లెక్క చీటీ ఇచ్చింది. ఆయన చీటీని కళ్ళకి బాగా దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత దూరంగా పెట్టి చూశాడు.

"ఇంతేనా అమ్మాయ్?"

"ఇంతే బాబాయ్. మధ్యలో ధర పడింది కదా."

"సరే." చీటీని నాలుగు మడతలు పెట్టాడు. అంచులు అచ్చంగా కలిశాయి, మిషను మీద కోసినట్టు. గేటు దాకా వచ్చి, అదే వారం ఆవిడ వాయిదాల మీద కొనుక్కున్న స్కూటరు సీటు మీద చేత్తో తట్టాడు. "బాగుంది" అన్నాడు.

*

మర్నాడు పొద్దున్నే బైండింగు షెడ్డుకి వెళ్ళింది. చెప్పేద్దామనే వెళ్ళింది. దారిలో వాక్యం కూడా దిద్దుకుంది: పిన్నీ, నీకొచ్చింది నీది కాదు. మరీ మొరటుగా ఉందని కొట్టేసింది. పిన్నీ, ఒక పొరపాటు జరిగింది. ఇదీ బాలేదు. ఎవరి పొరపాటో లేదు అందులో.

పిన్ని ఫారాలు కుడుతోంది. సూది లోపలికి, బయటికి, ముడి. సూది లోపలికి.

"రావే! చూశావా, నిన్న ఆ కాగితం తీస్తే బల్ల ఎలా అంటుకుందో! ఫీజు రెండో విడత కూడా కట్టేశానే. ఇంక ఒక్క ఏడాది. తర్వాత ఈ సూది నీకిచ్చేస్తా, నువ్వు కుట్టుకో."

"పిన్నీ..."

"ఊ?"

"నీ దగ్గర... ఏమైనా మిగిలిందా, ఆ డబ్బులో?"

పిన్ని పకపకా నవ్వింది. "మిగలడమా? ఆ హాస్టలు వాళ్ళు నా చెవి దుద్దులు కూడా ఎగాదిగా చూశారు. ఎందుకే, నీకేమైనా కావాలా? అడుగు. ఎక్కడో ఒకచోట తెస్తా."

సూది ఆగింది. పిన్ని నిజంగానే తెచ్చేలా ఉంది.

"వద్దు పిన్నీ. ఊరికే."

బుధవారం నాడు తన లెక్కలోంచి డబ్బు తీసే కాగితం నింపింది. తన పేరు మీదున్నవి మూడు వేల తొమ్మిది వందల నలభై యూనిట్లు. అందులోంచి 3,707 అమ్మమని రాసింది. మిగిలేది రెండు వందల ముప్పై మూడు. నియమం ప్రకారం రెండో సంతకం ఇంకుది.

"మళ్ళీ ఏం కొంటున్నావక్కా? ఈసారి కారా?" ఇంకు పెన్ను జాగ్రత్తగా రెండు వేళ్ళతో పట్టుకున్నాడు, అయినా కాగితం మూల నీలంగా ముద్ర పడింది. "బాబాయి వెళ్ళిన వారమే నీ స్కూటరు వచ్చింది గుర్తుందా? అప్పుడు మేమంతా..." ఆగాడు.

"మీరంతా?"

"ఏం లేదు. నవ్వుకున్నాం."

"ఏమని?"

"ఊరికేనక్కా. జోకు." సంతకం పెట్టేసి కాగితం ఆవిడ వైపు తోశాడు. మిషను ఆన్ చేశాడు. ఆ మోతలో ఇంకేం వినపడదు.

చెప్పెయ్యాలని నోటిదాకా వచ్చింది. చెబితే, నా వల్లేనా అక్కా అని వాడు బెంబేలెత్తిపోతాడు. ఆ వెంటనే, మరి బాబాయి డబ్బు ఎవరికెళ్ళిందని అడుగుతాడు. సాయంత్రానికల్లా పిన్ని కూతురి తెల్ల డ్రెస్సు వైపు షెడ్డంతా వేరేగా చూస్తుంది. ముందు బాబాయికి చెప్పాలి, తర్వాతే ఎవరికైనా, అనుకుంది. శుక్రవారం చెక్కు వచ్చింది.

*

శనివారం సాయంత్రం ఎండ తగ్గకముందే బాబాయి ఇంటికి వెళ్ళింది. మేడ మెట్ల కింద రెండు గదులు. ముందు గదిలో నేల మీద పాత కాగితాల కట్టలు, వాటి మధ్య ఆయన. పక్కన చెక్క స్కేలు, కత్తి, జిగురు గిన్నె. దుకాణాలకి కాగితం సంచులు చేస్తున్నాడు. గోడకి ఆనుకుని ఆయన అక్క కూర్చుని, చేసినవాటిని యాభై చొప్పున దారంతో కడుతోంది.

"ఎవరూ?" అన్నాడాయన, తల తలుపు వైపు కాకుండా కాస్త పక్కకి తిప్పి.

"నేను బాబాయ్. చుక్కమ్మని."

"ప్రెస్సు నుంచా?" అక్క దారం కొరికింది. "ఎనిమిది నెలలకి దారి దొరికిందన్నమాట. మా ఇల్లు అంత దూరమైపోయింది పాపం."

"ఊరుకో అక్కా. రా అమ్మాయ్. ఆ కట్టమీద కూర్చో, గట్టిదే. మోకాలు ఎలా ఉంది?"

"బానే ఉంది బాబాయ్. నీ కళ్ళు...?"

"ఎడమది రిటైరైంది. నాకన్నా తొందర దానికి." ఆయన బొటనవేలు ఒక కట్ట అంచు మీద జరిగింది. పది కాగితాలు విడిపోయాయి, లెక్కపెట్టకుండానే. "కుడిది ఇంకా డ్యూటీలో ఉంది. వెలుగూ, మనిషీ తెలుస్తాయి."

"వెళ్ళిన నెలలోనే ఆపరేషన్ చేయించుకోమన్నాడు డాక్టరు," అంది అక్క. "డబ్బు చాల్లేదని వాయిదా వేశాడు. వీడు వాయిదా వేస్తే కన్ను ఆగుతుందా?"

చుక్కమ్మ సంచిలోంచి చెక్కు కవరు తీసింది. జిగురు కాగితం తీసి విప్పి ఆయన ఎదురుగా నేల మీద పెట్టింది. పొద్దుట్నుంచీ దిద్దుకుంటూ వచ్చిన వాక్యాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"బాబాయ్, నీకు తక్కువిచ్చాను. తప్పు నాది. షీటులో పేర్ల వరస మార్చినప్పుడు పేర్లు మాత్రమే మారాయి, అంకెలు అక్కడే ఉండిపోయాయి. నీ పేరు పక్కకి ఇంకొకరి అంకె వచ్చింది. నేను చూసుకోలేదు. మిగతాది ఇందులో ఉంది. మొత్తం."

ఆయన పని ఆపలేదు. స్కేలు పెట్టాడు, కత్తి ఒకసారి లాగాడు. గీత తిన్నగా వచ్చింది.

"పేర్లు మాత్రమే మారాయి."

"అవును బాబాయ్."

"అందరివీనా?"

"అందరివీ."

"నీదీ?"

"నాది... నాది అక్కడే ఉంది. అనుకోకుండా."

"ఓహో." ఆయన తల ఊపాడు. ఆ ఊపులో వెటకారం ఏమీ లేదు. ఉంటే బాగుండేది. "మరి నాది ఎవరి పక్కకెళ్ళిందమ్మా?"

అక్క దారం కట్టడం ఆపింది.

పిన్ని బల్ల మీది ఫోను, అందులో తెల్ల డ్రెస్సు గుర్తొచ్చాయి. ఎక్కడో ఒకచోట తెస్తా అన్న పిన్ని. ఈ ఇంట్లో చెబితే సోమవారానికి ప్రెస్సులో ఉంటుంది.

"అది... చెప్పలేను బాబాయ్."

"చెప్పకులే." ఆయన చాలా మెత్తగా అన్నాడు. "నెలనెలా ఎంతిచ్చానో నాకు తెలుసమ్మా. నలభై ఏళ్ళు కట్టలు లెక్కపెట్టినవాణ్ణి. ఆ చీటీ చూసిన రోజే తెలుసు. గేటు దగ్గర బండి చూశాక అనుకున్నా, పోనీలే, రోజూ నాతోపాటు బస్సుస్టాపు దాకా ఆ కాలు ఈడ్చుకుంటూ నడిచేది, ఇంక నడవక్కర్లేదు అని."

"బాబాయ్, కాదు! బండి వాయిదాల మీద కొన్నాను. రసీదులున్నాయి. నేను తియ్యలేదు. ఇదిగో, ఈ కాగితం చూడు, ఇందులో ఉంది, నీ పేరు పక్కన..."

ఆయన కాగితం అందుకున్నాడు. కళ్ళ దగ్గరకి తీసుకెళ్ళలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్దాడు.

"మన డెబ్భై గ్రాముల కాగితం. ఒక పక్క జిగురు తిన్నది." నవ్వాడు. "పిన్ని బల్ల మీదిదే కదూ? ఎలా ఉంది పిన్ని?"

"బాగుంది."

"నేనెవరికీ చెప్పలేదు. అక్కకి కూడా ఇప్పుడే తెలియడం. నువ్వు తెచ్చావు చూడు, అదే చాలు. ఎంతమంది తెస్తారు? పేర్ల వరసే అనుకుందాం. సరేనా?"

"అనుకోవడం కాదు బాబాయ్..."

"అలాగే, అలాగే. అక్కా, ఆ కవరు లోపల పెట్టు. కుడికన్నుకి ఇంకా టైముందన్నారుగా."

అక్క లేచి వచ్చి కవరు తీసుకుంది. చుక్కమ్మ మొహంలోకి చూడలేదు. చూడకపోవడం కూడా ఒక మర్యాదే అన్నట్టు తీసుకుంది.

ఆయన చేతులు ఊరికే ఉండలేవు. మాట్లాడుతూనే జిగురు కాగితం మొద్దుబారిన అంచు కత్తితో తీసేశాడు. నడిమికి మడిచి గోరుతో గీశాడు. పక్కలు లోపలికి, అడుగు పైకి. 4,318 ఉన్న వరస ఒకసారి పైకి కనపడి లోపలి మడతలోకి వెళ్ళిపోయింది. చుక్కమ్మ చెయ్యి ముందుకి సాగింది. గాల్లోనే ఆగింది. ఆయన బ్రష్షుతో ఒకే ఊపులో జిగురు రాసి, అరచేత్తో అదిమాడు.

"ఇదిగో. ఉత్త చేతుల్తో పంపలేను. ఏమైనా వేసుకో ఇందులో."

సంచి చాలా బాగా కుదిరింది. ఒక్క మూల వంకర లేదు.

ఆవిడ తీసుకుంది. లేచింది. ఏదో అంది, ఏమందో తనకే తెలియదు. బయటికొచ్చి సంచిని హ్యాండిలుకి తగిలించి, స్కూటరు స్టాండు తీసింది. స్టార్ట్ చెయ్యలేదు. ఆ చప్పుడు లోపలికి వినపడకూడదని, సందు మలుపు దాకా అలాగే తోసుకెళ్దామనుకుంది. రెండడుగులు వేసింది. మోకాలు కలుక్కుమంది.

లోపల్నుంచి ఆయన గొంతు పెద్దగా వినిపించింది.

"ఏంటమ్మాయ్, బండి స్టార్ట్ అవడం లేదా? అప్పుడేనా?"

ఆవిడ ఆగింది.

"అవుతుంది బాబాయ్," అని, ఎక్కి కూర్చుని, బటన్ నొక్కింది.